అక్షరాలు వచ్చాయి, మాట రాలేదు

గత నెలలో మా ఊరి తెలుగు సంఘం వారు ఒక ప్రతిపాదన పత్రం పంపి, దానిమీద నా సంతకం కోరారు. మూడేళ్ళు నిండి అయిదేళ్ళు దాటని పిల్లలకు ప్రతి ఆదివారం తెలుగు తరగతి. ఆర్నెల్లలో యాభయ్యారు అక్షరాలు, సంవత్సరాంతానికి గుణింతాలు, ఉగాదినాడు రాతపరీక్ష, ఆపైన వేదిక మీద ధ్రువపత్రం. పసివయసులో మెదడు చురుగ్గా ఉంటుంది కనుక ఇప్పుడే మొదలుపెట్టాలని వైద్యులు కూడా అంటున్నారన్న వాక్యం కింద వైద్యుని సంతకం కోసం చోటు వదిలారు. ఆ చోటు నేను నింపలేదు. ఎందుకు నింపలేదో చెప్పడానికి ఒక పుస్తకాన్ని ఆసరాగా తీసుకుంటున్నాను.

ఆ పుస్తకం మరియా మాంటిస్సోరి 'ది అబ్జార్బెంట్ మైండ్'. పేరును 'పీల్చుకునే మనసు' అని తెలుగు చేసుకోవచ్చు. మాంటిస్సోరి అనగానే మనకు బడి బోర్డు గుర్తొస్తుంది గాని, ఆమె వైద్యురాలన్న సంగతి గుర్తుండదు. 1896లో రోమ్ విశ్వవిద్యాలయం నుండి వైద్యపట్టా పొంది, బుద్ధిమాంద్యం గల పిల్లల మధ్య పనిచేసి, 1907 జనవరి 6న రోమ్ నగరంలోని సాన్ లొరెంజో పేటలో కూలీనాలీ జనం బిడ్డల కోసం మొదటి 'బాలల ఇల్లు' తెరిచారు. 1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానం మీద మద్రాసులోని అడయారుకు వచ్చారు. మరుసటి యేడు ఇటలీ యుద్ధంలోకి దిగడంతో శత్రుదేశపు పౌరురాలిగా ఆంక్షలకు లోనై, యుద్ధం ముగిసేదాకా మన దేశంలోనే ఉండిపోయారు. ఆ నిర్బంధం తొలగిన తరువాత అహమ్మదాబాదులో ఇచ్చిన ఉపన్యాసాలే ఈ పుస్తకానికి ఆధారం. 1949లో అడయారు నుండే అచ్చయింది. పరదేశపు సిద్ధాంతమని దీన్ని పక్కన పెట్టేవారు ముందు ఈ పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలి.

పుస్తకం చెప్పేదంతా ఒక చిన్న పరిశీలన చుట్టూ అల్లుకున్నది. ఏ బిడ్డకూ ఎవరూ మాతృభాష బోధించరు. పాఠం లేదు, పలక లేదు, పరీక్ష లేదు. అయినా మూడేళ్ళు తిరిగేసరికి ఆ భాషలోని ధ్వనులూ, క్రియారూపాలూ, వాక్యపు పొందికా బిడ్డకు వశమవుతాయి. పెద్దవాళ్ళం ఏళ్ళ తరబడి కుస్తీపట్టినా పరభాషలో సాధించలేని సహజత్వం ఆ పసివాడికి ఊరకే దొరుకుతుంది. పెద్దలు జ్ఞానాన్ని సంపాదిస్తారు, ఆరేళ్ళ లోపు బిడ్డ దాన్ని పీల్చుకుని తనలో భాగం చేసుకుంటాడు అన్నది మాంటిస్సోరి నిర్ధారణ. అందువల్ల ఆ వయసులో ఉపాధ్యాయుని పని పాఠం చెప్పడం కాదు. బిడ్డ పీల్చుకోదగిన పరిసరాన్ని సిద్ధం చేసి, అతడు దేన్ని ఎంచుకుంటున్నాడో గమనించి, నిమగ్నమై ఉన్నప్పుడు అడ్డు రాకుండా ఉండడం.

ఇది చదవగానే మా సంఘంలో ఒక పెద్దమనిషి, "అంటే పిల్లల్ని గాలికి వదిలేయమంటారా?" అన్నారు. కాదు. ఈ అపార్థమే ఈ చర్చనంతా పాడుచేస్తున్నది. మాంటిస్సోరి గదిలో ప్రతి వస్తువుకూ ఒక స్థానం ఉంటుంది. తీసిన వస్తువును తీసినచోటే పెట్టాలి. ఒకరు చేస్తున్న పనిని మరొకరు లాక్కోరాదు. బిడ్డ స్వేచ్ఛకు ఆ గది హద్దులు గీసి ఉంచుతుంది. ఆ హద్దుల లోపల ఏ పని, ఎంతసేపు, ఎన్నిసార్లు అన్నది మాత్రం బిడ్డ ఇష్టం. ఇరవైమంది చేత ఏకకంఠంగా 'అ, ఆ' అనిపించడం తేలిక. ఇరవైమందిలో ఎవరు ఈరోజు దేనికి సిద్ధంగా ఉన్నారో కనిపెట్టడం కష్టం. మనం తేలికైన దాన్ని క్రమశిక్షణ అనీ, కష్టమైన దాన్ని గారాబమనీ పిలుస్తున్నాం.

నేను పిల్లల వైద్యుణ్ణి కాను, రేడియాలజిస్టును. పిల్లలు నాకు ఎక్కువగా ఎక్స్‌రేల రూపంలోనే పరిచయం. అయితే ఆ ఎక్స్‌రేలు కూడా కొంత చెబుతాయి. పెద్దవాళ్ళ మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు వాటిలో ఒక్కటి కూడా ఎక్స్‌రేలో కనబడదు, అంతా మృదులాస్థి. మూడేళ్ళ బిడ్డ మణికట్టులో సాధారణంగా రెండో మూడో, మహా అయితే నాలుగో కనిపిస్తాయి. చివరిది తేలడానికి ఎనిమిదేళ్ళు దాటాలి. ఎడమచేతి ఎక్స్‌రే చూసి బిడ్డ ఎముకల వయసు అంచనా కట్టడం మా వృత్తిలో నిత్యకృత్యం. ఎముక గట్టిపడనంత మాత్రాన పెన్సిల్ పట్టరాదని శాస్త్రం చెప్పదు, అలా చెబితే అది అతిశయోక్తి అవుతుంది. శరీరం తన పంచాంగం ప్రకారం నడుస్తుందని, ఆ పంచాంగాన్ని మన ఉగాది పరీక్ష ముందుకు జరపలేదని మాత్రం నిస్సంకోచంగా చెప్పవచ్చు. మూడు వేళ్ళ మధ్య పెన్సిల్‌ను నిలిపి కదిపే నేర్పు చాలామంది పిల్లలకు నాలుగు, ఆరేళ్ళ మధ్యనే కుదురుతుంది. ఆ వేళ్ళకు బలమిచ్చేవి పిండి పిసకడం, నీళ్ళు వంచడం, గుండీలు పెట్టుకోవడం వంటి పనులు. తలకట్టు, దీర్ఘం, వట్రుసుడి ఆ తరువాత.

చెవి సంగతి ఇంకా స్పష్టం. పుట్టుచెవుడు గల పసివాళ్ళకు కాక్లియర్ ఇంప్లాంటు అమర్చే ముందు లోపలి చెవి నిర్మాణాన్ని స్కానులో చూసి నివేదిక రాయడం నా పనిలో భాగం. ఆ శస్త్రచికిత్స విషయంలో వైద్యులు ఎందుకంత తొందరపడతారు? మొదటి రెండు మూడేళ్ళలో శబ్దం అందిన బిడ్డకు మాట వచ్చినంత చక్కగా, ఆలస్యంగా అందిన బిడ్డకు రాదు గనుక. ఈ వయసులో నిజంగా తొందరపడవలసినది ఏదైనా ఉంటే అది చెవికి మాట అందించడం. మా సంఘం పత్రం సరిగ్గా దీన్నే తలకిందులు చేసింది. తొందర అవసరమైన మాటను వదిలి, తొందర అక్కరలేని రాతను పట్టుకుంది.

ఇక్కడ నా తప్పు నేనే చెప్పుకోవాలి. మా అమ్మాయి మూడున్నరేళ్ళ వయసులో ఇక్కడి ఒక నర్సరీకి వెళ్ళేది. సాయంత్రం తీసుకురావడానికి వెళ్ళినప్పుడల్లా "ఈరోజు ఏం నేర్చుకుంది?" అని అడిగేవాణ్ణి. ఒకరోజు ఆ టీచరమ్మ తన నోటుపుస్తకం తెరిచి చూపించింది. మా అమ్మాయి ఆ ఉదయం నలభై నిమిషాలపాటు ఒక కూజాలోంచి నాలుగు గిన్నెల్లోకి నీళ్ళు వంచిందట. మొదట ఒలకబోసిందట. తానే గుడ్డ తెచ్చి తుడిచిందట. వెడల్పు గిన్నెలో నీళ్ళు తక్కువగా కనిపిస్తున్నాయని పక్కనున్న పిల్లవాడితో వాదించిందట. అన్నీ వేళలతో సహా రాసి ఉన్నాయి. నాకు కోపం వచ్చింది. నీళ్ళు వంచడానికా ఫీజు కడుతున్నది అనుకున్నాను. ఒక బిడ్డను అంత శ్రద్ధగా గమనించిన మరో మనిషి నాకు అప్పటికి తారసపడలేదన్న సంగతి తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఆ లోటు పూడ్చడానికి ఆదివారాలు నేనే గురువునయ్యాను. నాలుగు గీతల కాపీపుస్తకం, పక్కన స్కేలు. కొట్టలేదు గాని బల్లమీద చరిచిన మాట నిజం. అయిదో పుట్టినరోజు నాటికి యాభయ్యారు అక్షరాలూ వరుసగా రాసింది. ఆ పేజీ ఫొటో తీసి తెనాలికి పంపాను. మా అమ్మ దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించింది. అదే సమయంలో ఇంట్లో నేనూ నా భార్యా బిడ్డతో ఇంగ్లీషులోనే మాట్లాడేవాళ్ళం, బడిలో వెనకబడుతుందేమోనన్న భయంతో. తెలుగు ఆ పిల్లకు ఆదివారపు శిక్షగా మిగిలింది. ఏడో ఏట కాపీపుస్తకం మూసేసింది, మళ్ళీ తెరవలేదు. మా అమ్మ చివరి రోజుల్లో వీడియో కాల్‌లో మనవరాలితో మాట్లాడాలని అడిగింది. ఇరవై రెండేళ్ళ ఆ అమ్మాయి తెర ముందు కూర్చుని నవ్వింది, చెయ్యి ఊపింది, తరువాత నా వైపు చూసింది. యాభయ్యారు అక్షరాలు దిద్దిన పిల్లకు నాయనమ్మతో చెప్పడానికి నాలుగు మాటలు లేకపోయాయి. మధ్యలో నేను దుబాసీనయ్యాను. మా అమ్మ వెనుక గోడమీద ఆ ఫ్రేము కనబడుతూనే ఉంది.

ఒక్క ఇంటి కథ రుజువు కాదని వైద్యునిగా నాకు తెలుసు. కాని సంఘం సమావేశంలో చేతులెత్తమంటే ఇటువంటి ఫ్రేము లేని ఇల్లు ఎన్ని ఉంటాయో చూడాలని ఉంది.

ఇక అభ్యంతరాలు. మొదటిది సామెత: మొక్కై వంగనిది మానై వంగునా? మొక్కను వంచేది కుండీలో పెట్టి అందం చూసుకునేవాడు. పంట కావలసిన రైతు మొక్కను వంచడు. పాదు తీస్తాడు, నీరు పెడతాడు, కలుపు తీస్తాడు, పశువు మేయకుండా కంచె వేస్తాడు. మాంటిస్సోరి చెప్పిన 'సిద్ధం చేసిన పరిసరం' రైతు చేసే ఈ పనే.

రెండోది: "మేమంతా దెబ్బలు తిని, బట్టీపట్టి చదివి డాక్టర్లం, ఇంజనీర్లం కాలేదా?" అయ్యాం. మా ఊరి బడిలో ఒకటో తరగతిలో నాతో కూర్చున్నవాళ్ళు నలభైమంది దాకా ఉండేవారు. వాళ్ళలో ఇటువంటి చర్చలు చేయడానికి మిగిలినవాణ్ణి నేనొక్కణ్ణే. దెబ్బలకు బడి మానేసినవాళ్ళు మన వాట్సాప్ బృందంలో లేరు గనుక వాళ్ళ వాదన మనకు వినబడదు. బతికి బయటపడిన రోగులను మాత్రమే లెక్కపెట్టి మందు గొప్పదనే వైద్యుణ్ణి ఎవరూ నమ్మరు. చదువు విషయంలో మాత్రం నమ్ముతున్నాం.

మూడోది: ఆటలతో గడిపితే చదువులో వెనకబడరా? 2006లో 'సైన్స్' పత్రికలో యాంజెలిన్ లిల్లార్డ్, నికోల్ ఎల్స్-క్వెస్ట్ ఒక పరిశోధన ప్రచురించారు. అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఒక ప్రభుత్వ మాంటిస్సోరి బడికి లాటరీలో సీటు వచ్చిన పిల్లలను, అదే లాటరీలో రానివారితో పోల్చారు. తల్లిదండ్రుల శ్రద్ధలో తేడా ఉందేమోనన్న అనుమానానికి లాటరీ చాలావరకు జవాబు చెబుతుంది. అయిదేళ్ళ వయసులో మాంటిస్సోరి పిల్లలు అక్షరాలూ పదాలూ గుర్తించడంలో, లెక్కల్లో, తోటివారితో తగవు తీర్చుకునే తీరులో మెరుగ్గా ఉన్నారు. ఒకే బడి, కొద్దిమంది పిల్లలు కనుక దీన్ని శిలాశాసనంగా చూపడం లేదు. వెనకబడతారన్న భయానికి మాత్రం ఇందులో ఆధారం కనబడదు. మనం ఉంటున్న ఇంగ్లండులో 2008 నుండి అమలులో ఉన్న తొలి ఏళ్ళ విద్యా ప్రణాళిక కూడా మాటను, శరీర వికాసాన్ని, మనసూ స్నేహమూ సంబంధించిన వికాసాన్ని మూడు ప్రధానాంశాలుగా మొదట నిలిపి, అక్షరాస్యతను, గణితాన్ని వాటి తరువాతి వరసలో ఉంచింది. వారమంతా అటువంటి నర్సరీలో పెరిగే బిడ్డను ఆదివారం మనం బల్లకు కట్టేస్తే, అతడు రెండు భాషల గురించి ఏ నిర్ణయానికి వస్తాడో ఊహించడం కష్టం కాదు.

పుస్తకంలో లోపాలు లేవా? ఉన్నాయి. జీవశాస్త్రం పేరిట 'హార్మే', 'నీమే' వంటి ఆనాటి ఊహాపదాలను మాంటిస్సోరి వాడిన తీరు ఈనాటి వైద్యునికి మింగుడుపడదు. కొన్ని అధ్యాయాల్లో శాస్త్రం ఎక్కడ ఆగి భక్తి ఎక్కడ మొదలైందో తెలియదు. అన్నింటికన్నా నాకు రుచించనిది కల్పిత కథల పట్ల ఆమెకున్న అనుమానం. చిన్నపిల్లలకు ముందు వాస్తవ ప్రపంచం కావాలి, అద్భుత కథలు తరువాత అని ఆమె అభిప్రాయం. ఏడు చేపల కథ వినకుండా పెరిగిన తెలుగు బిడ్డను నేను ఊహించలేను. చేప ఎందుకు ఎండలేదో, గడ్డిమోపు ఎందుకు అడ్డం వచ్చిందో అడుగుతూ పోయే ఆ కథలో 'ఎందుకు' అనే ప్రశ్న ఎన్నిసార్లు వస్తుందో, క్రియాపదం ఎన్ని రూపాలు మారుతుందో గమనించండి. పరాయి నేల మీద తెలుగు చెవికి అందాలంటే అంతకన్నా మంచి పరికరం లేదు. ఇక్కడ మాంటిస్సోరితో విభేదించి మన నాయనమ్మల పక్షాన నిలబడతాను.

ఆమెకు జరిగిన అన్యాయం కూడా చెప్పాలి. ఆమె పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, అడిగేవారు లేరు. మన ఊళ్ళలో సందుకొకటిగా వెలసిన ఆ బోర్డుల వెనుక చాలాచోట్ల బెంచీల మీద చేతులు కట్టుకున్న మూడేళ్ళ పిల్లలూ, వాళ్ళ సంచుల్లో హోంవర్కు పుస్తకాలూ కనిపిస్తాయి. పసిపిల్లల ప్రవేశానికి పరీక్షలూ ఇంటర్వ్యూలూ రద్దు చేయాలని యశ్‌పాల్ కమిటీ 1993లోనే చెప్పింది. మూడేళ్ళ నుండి ఎనిమిదేళ్ళ దాకా ఆట ప్రధానంగా సాగే పునాది దశ కావాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. చెప్పేవారికి కొరత లేదు. ఫీజు కట్టే తల్లిదండ్రులే "రాత ఏదీ?" అని నిలదీస్తుంటే బడి మాత్రం ఏం చేస్తుంది? ఒకప్పుడు నిలదీసినవాణ్ణే కనుక ఈ మాట అనే హక్కు నాకుంది.

రాతకు నేను విరోధిని కాను. మన వీధిబడుల్లో పిల్లలు ఇసుకలో వేలితో దిద్దేవారు. పద్దెనిమిదో శతాబ్దం చివర మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర శాల నడిపిన ఆండ్రూ బెల్, దేశీయ బడిపిల్లలు ఇసుకలో రాయడం చూసి ఆ పద్ధతిని తన బడిలో పెట్టి, తరువాత ఇంగ్లండుకు మోసుకొచ్చాడు. మాంటిస్సోరి గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి బిడ్డ వేలితో తడిమించింది కూడా ఈ సూత్రం మీదే: ముందు వేలికి తెలియాలి. ఆ వీధిబడుల్లోనే కోదండం వేసిన పంతుళ్ళూ ఉన్నారు కనుక గతాన్ని కీర్తించే ఉద్దేశం నాకు లేదు. ఇసుకను మరిచి కోదండాన్ని మాత్రం రూపం మార్చి దాచుకున్నామని నా ఫిర్యాదు. పైగా తెలుగు లిపిలో ఒక సౌలభ్యం ఉంది. ఇంగ్లీషులో అక్షరం పేరు వేరు, ధ్వని వేరు. మనకు 'క' పేరే దాని ధ్వని. మాట వచ్చిన బిడ్డకు ఆరేడేళ్ళ వయసులో ఆసక్తి కలిగిననాడు తెలుగు చదవడం నేర్పడానికి నెలలు చాలు. మాట రాని బిడ్డకు ఏళ్ళు చాలవు.

కాబట్టి సంఘానికి నా ప్రతి ప్రతిపాదన ఇది. అదే హాలు, అవే రెండు గంటలు. బల్లలు తీసేసి చాప పరవండి. పిల్లల చేతికందే ఎత్తులో అరలు పెట్టండి. వాటిలో చిన్న స్టీలు గ్లాసులూ నీళ్ళ చెంబూ, కలిపి పోసిన పెసలూ శనగలూ, చపాతీపిండి, చింతగింజలూ వామనగుంటల పీటా, బొమ్మల పుస్తకాలు ఉంచండి. ఒక మూల ఇసుక పళ్ళెం, గరుకు కాగితపు అక్షరాలు ఉండనివ్వండి; అడిగిన బిడ్డకే చూపండి. మూడేళ్ళవాళ్ళను, అయిదేళ్ళవాళ్ళను విడదీయకండి, చిన్నవాడికి పెద్దవాడే సగం గురువు. వీసా మీద ఆర్నెల్లకు వచ్చి గదిలో విసుగెత్తి కూర్చున్న అమ్మమ్మలనూ తాతయ్యలనూ పిలవండి. వాళ్ళు పాఠం చెప్పనక్కరలేదు. పప్పు ఏరుతూ, కథ చెబుతూ, బిడ్డ అడిగినదానికి తెలుగులో బదులిస్తే చాలు. ఒకరు పక్కన కూర్చుని ఏ బిడ్డ ఏం ఎంచుకున్నాడో, ఏ కొత్త మాట అన్నాడో రాసిపెట్టండి. పరీక్ష వద్దు, ధ్రువపత్రం వద్దు.

ఒక్క నిబంధన మాత్రం కఠినంగా ఉండాలి, అది పిల్లలకు కాదు. తల్లో తండ్రో అక్కడే ఉండాలి, ఆ రెండు గంటలూ తెలుగులోనే మాట్లాడాలి, ఇంటికి వెళ్ళాక కూడా మాట్లాడాలి. ఈ షరతుకు ఎందరు ఒప్పుకుంటారో తెలిస్తే, పిల్లలకు తెలుగు రాకపోవడానికి కారణం వాళ్ళ వయసో మన సోమరితనమో తేలిపోతుంది.

పత్రం మీద ఆ ఖాళీ ఇంకా అలాగే ఉంది. ఈ విధంగా మార్చి పంపితే సంతకం పెడతాను. ఆదివారాలు వచ్చి చాప మీద కూర్చుంటాను కూడా. నీళ్ళు ఒలికితే తుడవడానికి గుడ్డ ఎక్కడుందో బిడ్డకు తెలిసేలా పెడతాను, నేను తుడవను.